నెట్ లేని చోట వికీపీడియా: కడప స్టాళ్ళలో ఏడాదిన్నరగా వాడుతున్న చిన్న డబ్బా

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌నూ తెలుగు వికీపీడియానూ జనానికి చూపించే స్టాల్ పెట్టాలనుకునేవాళ్ళకు మొదటే ఒక మాట చెప్తాను. మన వైపు ఏ కార్యక్రమానికి వెళ్ళినా అక్కడ ఇస్తామన్న వైఫైని నమ్ముకుని టేబుల్ వేయకండి. మేం అలా వేసే దెబ్బతిన్నాం. కడప దగ్గర ఒక కాలేజీలో ఫెస్టు జరుగుతుంటే విండోస్ బదులు వాడే లినక్స్, ఎమ్మెస్ ఆఫీసు బదులు వాడే లిబ్రెఆఫీస్, తెలుగు వికీపీడియా, తెలుగు ఫాంట్లు అన్నీ చూపిద్దామని నలుగురం రెండు లాప్‌టాప్‌లు పట్టుకుని పోయాం. పొద్దున తొమ్మిదిన్నరకు అంతా బాగుంది. పదకొండయ్యేసరికి పిల్లలు వేలల్లో వచ్చారు, అందరి చేతుల్లోనూ ఫోన్లు, దాంతో కాలేజీ వైఫై పోయింది, మా ఫోన్లలో డేటా కూడా కదలలేదు. మా టేబుల్ ముందు నిలబడినవాళ్ళు తెరమీద తిరిగే సున్నాను ఒక నిమిషం చూసి పక్క స్టాల్‌కు వెళ్ళిపోయారు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి మేం చేసిందల్లా స్టిక్కర్లు పంచడమే. ఇంటికొచ్చేటప్పుడు చాలా బాధేసింది, ఎందుకంటే వచ్చిన పిల్లల్లో సగం మంది నిజంగా తెలుసుకుందామనే వచ్చారు.

ఆ తర్వాత తయారు చేసుకున్నదే ఈ డబ్బా. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దానిమీద కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్. బోర్డు అరచేతిలో పడుతుంది. కివిక్స్ ఏం చేస్తుందంటే, వికీపీడియా మొత్తాన్ని జిమ్ అనే ఒకే ఫైలుగా కుదించి పెట్టిన దాన్ని తెరిచి, నెట్ అక్కర్లేకుండా మామూలు వెబ్‌సైట్ లాగా చూపిస్తుంది. 2007 నుంచి ఉన్న ప్రాజెక్టు ఇది, పూర్తిగా ఓపెన్ సోర్స్, ఎవరైనా దించుకుని పెట్టుకోవచ్చు. బోర్డే సొంతంగా ఒక వైఫై వదులుతుంది, జనం తమ ఫోన్లతో దానికి కలిసి తెలుగు వికీపీడియా చదువుకుంటారు. వాళ్ళ డేటా ఖర్చు కాదు, టవర్ సిగ్నల్‌తో పని లేదు. బోర్డు, అడాప్టరు, ఫ్యాన్ ఉన్న కేసు, 64 జీబీ మెమరీ కార్డు అన్నీ కలిపి మాకు 8,000 రూపాయల లోపే అయ్యింది. సాఫ్ట్‌వేర్‌కు పైసా పెట్టలేదు. డెబియన్ అనే లినక్స్ రకం ఆధారంగా ఉండే బోర్డు సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌లో కివిక్స్ టూల్స్ అనే ప్యాకేజీ దొరుకుతుంది, టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసి పని చేయించడం అలవాటున్నవాళ్ళకు ఒక సాయంత్రం పని. అలవాటు లేకపోతే రెండు రోజులు పెట్టుకోండి, తొందరపడకండి.

దీన్ని మొదటిసారి బయటికి తీసింది కడపలోనే, యర్రముక్కపల్లి వైపు ఒక చిన్న పుస్తక ప్రదర్శనలో. బ్రౌన్ గ్రంథాలయం దగ్గరే కాబట్టి పుస్తకాలంటే ఇష్టమున్న పెద్దవాళ్ళు బాగా వచ్చారు. ఒక పెద్దాయన, పంచె కట్టు, చేతిలో గుడ్డ సంచి, టేబుల్ ముందు చాలాసేపు నిలబడి, "ఏం నాయనా, ఇది అమ్ముతాండారా?" అని అడిగారు. లేదు పెద్దాయనా, చూసుకోవడానికే, ఏం చూడాలో చెప్పండి అన్నాను. "మాది కలమళ్ళ. మా ఊర్లో గుడికాడ రాయుండాది, అది ఉంటాదా దీంట్లో?" అన్నారు.

ఎర్రగుంట్ల మండలం కలమళ్ళ అంటే తెలుగు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇప్పటిదాకా దొరికిన వాటిలో తొలి తెలుగు శాసనంగా చెప్పే ధనంజయుడి శాసనం ఆ ఊరి చెన్నకేశవ ఆలయంలోదే, సుమారు క్రీ.శ. 575 నాటిది. సంతోషంగా టైప్ చేశాను. ఏమీ రాలేదు! ఇంకోసారి కొట్టాను, రాలేదు. పెద్దాయన ఏమీ అనలేదు గానీ నాకు చెమటలు పట్టాయి. తర్వాత అర్థమయ్యింది, నేను "కలమల్ల" అని కొడుతున్నాను. కొందరు "కలమళ్ల" అంటారు, కొందరు "కలమళ్ళ" అని రాస్తారు. మనకు మూడూ ఒకటే, కంప్యూటర్‌కు మూడూ వేర్వేరు. అక్షరం మార్చగానే పేజీ తెరుచుకుంది, పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "రొంత పెద్దగా సూపీ నాయనా" అని, మొత్తం చదివేదాకా కదల్లేదు. ఆ పది నిమిషాల్లో ఆయన వెనక ఏడెనిమిది మంది చేరారు. మేం అంతకుముందు చేసిన ఉపన్యాసాల వల్ల ఎన్నడూ అంతమంది నిలబడలేదు.

అందుకని తెలుగులో వెతకడం గురించి కాస్త వివరంగా చెప్తాను, ఇది ఈ డబ్బాకు ఉన్న ప్రధానమైన ఇబ్బంది. నెట్‌లో పెద్ద సెర్చ్ ఇంజన్లు మనం తప్పుగా కొట్టినా సర్దుకుని చూపిస్తాయి, మనం దానికి అలవాటు పడిపోయాం. ఇక్కడ అలా సర్దే దిక్కు ఉండదు. ళ్ళ, ళ్ల తేడా, "ఎర్రగుంట్ల", "యర్రగుంట్ల" తేడా, "ప్రొద్దుటూరు", "పొద్దుటూరు" తేడా, అన్నీ అడ్డం పడతాయి. మనకు విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి "కడప" అని వెతికితే "కడపలో", "కడపకు" అన్న మాటలు పట్టుకోదు. దీనికి మేం చేసుకున్న ఉపాయం చిన్నదే. స్టాల్‌కు వెళ్ళే ముందు రోజు, ఆ చుట్టుపక్కల మండలాలు, ఊళ్ళు, గుళ్ళు, కోటలు, పేరున్న మనుషులు, ఒక డెబ్బై ఎనభై పేజీలకు లింకులు పెట్టి ఒక మొదటి పేజీ తయారు చేస్తాం. గండికోట, ఒంటిమిట్ట, పుష్పగిరి, దేవుని కడప, బ్రహ్మంగారి మఠం, వేమన, అన్నమయ్య, బ్రౌన్, ఇలా. ఫోన్ కలపగానే అదే తెరుచుకుంటుంది. సగం మందికి టైప్ చేసే అవసరమే రాదు. కర్నూలుకో అనంతపురానికో వెళ్తే ఆ పేజీ మార్చుకోవాలి, గంట పని.

రెండో ఇబ్బంది క్యూఆర్ కోడ్. ఇది నేను అసలు ఊహించలేదు. వైఫైకి కలవడానికి ఒక కోడ్, పేజీ తెరవడానికి ఇంకో కోడ్, రెండూ ముద్రించి నిలబెట్టాం. చదువుకున్న పిల్లలు టకటకా స్కాన్ చేశారు. నడివయసు వాళ్ళు మాత్రం ఫోన్ తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఒకామె నేరుగా అడిగేసింది, "స్కాన్ చేస్తే అకౌంట్లో డబ్బులు పోతాయేమో అన్నా?" అని. ఆమె భయంలో తప్పేం లేదు, ఊరూరా అలాంటి మోసాల గురించి వింటూనే ఉన్నారు, తెలియని కోడ్ స్కాన్ చేయొద్దని మనమే చెప్తున్నాం. పైగా మా డబ్బా అడ్రస్ తెరిచినప్పుడు బ్రౌజర్ "సురక్షితం కాదు" అని కూడా చూపిస్తుంది, ఎందుకంటే లోపలి నెట్‌వర్క్‌లో ఉండే పేజీకి మామూలు సైట్లకు వచ్చే తాళం గుర్తు రాదు. ఇప్పుడు కోడ్ పక్కనే వైఫై పేరు, 10.42.0.1 అన్న అంకెలు పెద్దక్షరాల్లో రాసి పెడుతున్నాం, ఇష్టమైతే కొట్టుకుంటారు. ఎవరినీ బలవంతం చేయం. ఫోన్ తీయడం ఇష్టం లేనివాళ్ళ కోసం ఒక పాత మానిటర్, ఒక మౌస్ ఎప్పుడూ టేబుల్ మీద ఉంటాయి, అక్కడ ఎవరైనా కూర్చుని చూసుకోవచ్చు. నిజానికి జనం ఎక్కువగా గుమిగూడేది ఆ మానిటర్ దగ్గరే.

ఫోన్ల విషయంలో ఇంకొకటి. ఈ వైఫైలో ఇంటర్నెట్ ఉండదు కదా, కలిసిన అర నిమిషానికి ఫోన్ "ఈ వైఫైలో నెట్ లేదు, అయినా ఉంటారా?" అని అడుగుతుంది. ఉంటాను అని నొక్కకపోతే మొబైల్ డేటాకు మారిపోతుంది, అప్పుడు పేజీ తెరుచుకోదు, "మీది పనిచేయట్లేదు" అని వెళ్ళిపోతారు. ఈ ఒక్కటి చెప్పడానికే టేబుల్ పక్కన ఒక మనిషి నిలబడాలి. మాలో ఒక చెల్లెలు ఆ పని చాలా ఓపికగా చేస్తుంది, ఒక్కొక్కరి ఫోన్ చూసి డేటా ఆపించి, అయిపోయాక మళ్ళీ ఆన్ చేసుకోమని గుర్తుచేసి పంపిస్తుంది. ఆ గుర్తుచేయడం మరిచిపోవద్దు, లేకపోతే ఇంటికెళ్ళాక ఫోన్ పాడైందనుకుంటారు.

బోర్డులోని వైఫై ఎన్ని ఫోన్లనైనా మోస్తుందనుకోవద్దు. అంత చిన్న బోర్డు పదో పన్నెండో ఫోన్లు దాటేసరికి కొత్తవాళ్ళను కలుపుకోదు. ఇంట్లో అటక మీద పాత రౌటర్ ఉంటే దించి, కేబుల్‌తో బోర్డుకు కలపండి, వైఫై పని దానికి అప్పగించేయండి. మాకు ఆ తర్వాత ముప్పై మంది కలిసినా ఆగలేదు. తెలుగు వ్యాసాలు తేలిక కాబట్టి బోర్డుకు అదేం భారం కాదు.

కరెంటు గురించి చెప్పాలంటే, మొదట్లో ఇంట్లో ఉన్న ఫోన్ ఛార్జర్ ఒకటి తగిలించాను. తెరమీద మెరుపు గుర్తు వచ్చి పోతూ ఉండేది, పట్టించుకోలేదు, నాలుగైదు ఫోన్లు కలవగానే బోర్డు దానంతట అదే ఆగి మళ్ళీ మొదలయ్యేది. ఈ బోర్డుకు 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టరే వాడాలి. అది మార్చగానే ఆ జబ్బు పోయింది. ఇక టెంట్ కింద స్టాల్ అంటే ఎవరో ఒకరు వైరు మీద కాలేసి ప్లగ్ పీకేస్తారు, అది ఖాయం. అలా రెండుసార్లు పీకినప్పుడు కార్డులో ఫైళ్ళు చెడిపోయి బోర్డు లేవలేదు, సాయంత్రం దాకా బోర్డు లేకుండానే గడిపాం. అప్పటి నుంచి రెండు జాగ్రత్తలు. ఒకటి, సెట్టింగుల్లో ఓవర్‌లే అని ఉంటుంది, అది పెడితే కార్డు మీద ఏమీ రాయదు, ఎప్పుడు కరెంటు పోయినా భయం లేదు. రెండు, అన్నీ పెట్టిన కార్డుకు అచ్చం అలాంటి నకలు ఇంకోటి సంచిలో ఉంచుతాం. కరెంటు లేని చోటికి 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు చాలు, బోర్డు ఒక్కటే అయితే పొద్దున నుంచి సాయంత్రం దాకా నడుస్తుంది. రౌటర్ 12 వోల్టులదైతే వోల్టేజీ పెంచే యూఎస్‌బీ కేబుల్ ఒకటి కొనుక్కోవాలి, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో తక్కువకే దొరుకుతుంది, దాన్ని వేరే పవర్ బ్యాంకుకు పెట్టండి. మే నెలలో అయితే నీడ చూసుకోండి. కడప ఎండకు రేకుల షెడ్డు కింద కేసు ముట్టుకుంటే కాలింది, ఫ్యాన్ లేని కేసు మన ఊరికి పనికిరాదు.

కార్డులో ఏం పెట్టాలి అంటే, మా దాంట్లో తెలుగు వికీపీడియా, విక్షనరీ అనే నిఘంటువు, పాత పుస్తకాలుండే తెలుగు వికీసోర్స్, పిల్లల కోసం ఫెట్ అనే సైన్సు సిమ్యులేషన్లు ఉన్నాయి. ఫెట్ కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళది, సర్క్యూట్లు, బలాలు, కాంతి లాంటివి తెరమీదే లాగుతూ జరుపుతూ ఆడుకోవచ్చు. ఎనిమిదో తరగతి పిల్లాడు ఒకడు బల్బుకు బ్యాటరీ కలిపి, రెండో బ్యాటరీ పెట్టి, వైరు నేరుగా కలిపితే మంట వచ్చిందని వాళ్ళ స్నేహితులందర్నీ పిలుచుకొచ్చాడు. ఇంగ్లీషు వికీపీడియా బొమ్మలతో సహా కావాలంటే 100 జీబీ దాటుతుంది, దానికి పెద్ద కార్డు, దించుకోవడానికి మంచి నెట్ కావాలి. మన జనం అడిగేది తెలుగే కాబట్టి మాకు ఆ అవసరం రాలేదు. తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలున్నాయని చెప్తే చాలామంది నమ్మరు, ఏదైనా అడగండి అంటాం, అడుగుతారు.

అడిగేది దాదాపు ఒకటే, మా ఊరు. ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఊళ్ళకు తెలుగు వికీపీడియాలో పేజీ ఉంది, 2011 జనాభా లెక్కల నుంచి తీసిన జనాభా, ఇళ్ళ సంఖ్య, బడి, ఆసుపత్రి, సాగు భూమి వివరాలుంటాయి. తన ఊరి పేరు తెరమీద తెలుగులో చూసినప్పుడు ఆ మనిషి ముఖం మీద వచ్చే వెలుగు కోసమైనా ఈ స్టాల్ పెట్టాలనిపిస్తుంది. తర్వాతి మాట ఎప్పుడూ తప్పులు పట్టడమే. "మా ఊరికి బస్సు లేదని రాసినారు, ఇప్పుడొస్తాంది", "హైస్కూలు వచ్చి ఐదేండ్లయింది", "ఈ చెరువు పేరు ఇది కాదబ్బా". మేం స్టాల్‌లో అసలు చేయాల్సిన పని అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే అది ఆయనే దిద్దుకోవచ్చు. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, ఆధారం ఒకటి చూపిస్తే చాలు.

కానీ డబ్బాలో ఉన్నది కాపీ. అక్కడికక్కడ దిద్దడం కుదరదు. ఇది దాని స్వభావంలోనే ఉన్న లోటు, ఎంత ఇష్టమున్నా చెప్పి తీరాలి. మేం ఒక రూళ్ళ నోటు పుస్తకం పెట్టుకున్నాం. ఊరు, ఏం మారాలి, ఆధారం ఏముంది అని రాసుకుని, ఇంటికెళ్ళాక నెట్‌లో అసలు పేజీలో దిద్దుతాం. డబ్బాలో ఆ మార్పు కనబడాలంటే కొత్త జిమ్ ఫైలు రావాలి, మనం దించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక వేల పేజీలు మారాయి, పాత ఫైలు పెట్టుకుని వెళ్తే రాయచోటి వైపు వాళ్ళు నిలదీస్తారు. ప్రతి స్టాల్‌కు ముందు కొత్త ఫైలు వచ్చిందేమో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

బ్యానర్ గురించి కూడా ఒక ముక్క, ఎందుకంటే దీనికి మేం రెండుసార్లు డబ్బులు తగలేశాం. మొదటి ఫ్లెక్సీ మీద "ఉచిత సాఫ్ట్‌వేర్" అని వేయించాం. ఏదో పంచిపెడుతున్నారనుకుని వచ్చినవాళ్ళు చేతులూపుకుంటూ పోయారు, "ఫ్రీగా ఇచ్చేది మంచిదెట్లుంటాది" అని అనుమానపడినవాళ్ళూ ఉన్నారు. రెండోసారి మాటలు మార్చాం గానీ ఫ్లెక్సీ షాపులో పాత డీటీపీ ఫాంట్లు వాడతారు, మేం వాట్సాప్‌లో పంపిన, ఫోన్లలో మనం కొట్టే యూనికోడ్ తెలుగు అక్కడ అతికించేసరికి ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి, ఎవరూ చూడకుండానే ముద్రించేశారు. తెలుగు గురించి మాట్లాడే స్టాల్‌కు ఒత్తులు విరిగిన బ్యానర్ కడితే ఎలా ఉంటుంది? మూడోసారి మేమే ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో రామభద్ర, మండలి ఫాంట్లతో రాసి, అక్షరాలను గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇచ్చాం. ఆ ఫాంట్లు కూడా ఓపెన్ లైసెన్సువే, ఎవరైనా వాడుకోవచ్చు. బ్యానర్ మీద ఇప్పుడున్న మాట: "నెట్ లేకుండా తెలుగు వికీపీడియా. మీ ఊరు వెతకండి." అది చదివి ఆగని మనిషి తక్కువ.

లాప్‌టాప్ పట్టుకొచ్చి "విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయంట, ఏం చేయాలి సార్" అని అడిగే పిల్లలు ఈమధ్య బాగా పెరిగారు. 2025 అక్టోబర్ 14తో దాని సపోర్టు ముగిసింది కదా. దానికి ఈ డబ్బా పనికిరాదు, లినక్స్ మింట్ అనే లినక్స్ రకం వేసిన పెన్‌డ్రైవ్‌లు విడిగా ఉంచుకోవాలి, ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూపించాలి, ఫైళ్ళు కాపీ తీసుకోకుండా ఎవరి లాప్‌టాప్‌లోనూ స్టాల్‌లో ఇన్‌స్టాల్ చేయకూడదు.

మార్కులు వేయమంటే ఐదుకు నాలుగు వేస్తాను. ఒకటి తగ్గించింది తెలుగు వెతుకులాట కోసం, కార్డు చెడిపోయి ఒక సాయంత్రం పోగొట్టుకున్నందుకు. మన ఊళ్ళలో స్టాల్ నడపడానికి దీనికన్నా పనికొచ్చిన వస్తువు మాకు దొరకలేదు. సిగ్నల్ లేకపోయినా, కరెంటు లేకపోయినా వచ్చిన మనిషి చేతికి ఏదో ఒకటి అందుతుంది.

యర్రముక్కపల్లిలో స్టాల్ పెట్టిన రెండో రోజు మైదుకూరు వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ చాలాసేపు అన్నీ అడిగి తెలుసుకుంది. వాళ్ళ బడిలో కంప్యూటర్లు నాలుగున్నాయంట, నెట్ లేదు. వారం తర్వాత తనే బోర్డు కొనుక్కుని వచ్చింది, మేం కార్డు కాపీ చేసిచ్చాం. మొన్న ఫోన్ చేసి, "అన్నా, పిల్లలు మా ఊరి పేజీలో చెరువు గురించి రాస్తామంటున్నారు, నోటు పుస్తకంలో రాసి పంపిస్తా, ఎక్కిస్తారా?" అని అడిగింది. వాళ్ళ పేర్లతోనే ఖాతాలు తెరిపిద్దాం, వచ్చే ఆదివారం మేమే లాప్‌టాప్ తీసుకుని వస్తాం అని చెప్పాను. కడపలో మా టేబుల్ కనబడితే 64 జీబీ కార్డు ఒకటి జేబులో పెట్టుకుని రండి, అక్కడే కాపీ చేసిస్తాం.